కవరింగ్ రావట్లేదా? డబ్బాని తిట్టే ముందు గోడని తడిమి చూడండి

ఈ వీడియోలో పొలం కనపడదు, గోడలు కనపడతాయి. జీవామృతం, కషాయాలు చెప్పుకునే చోట ఇంటి రంగుల గొడవేంటి అనుకోకండి. ఇది మన పేడ కథే.

లెక్క చూడండి. 200 లీటర్ల జీవామృతానికి 10 కిలోల పేడ చాలు. ఒక్క నాటు ఆవుతో 30 ఎకరాలు సాగు చేయొచ్చని సుభాష్ పాలేకర్ గారు చెబుతూ వచ్చింది ఈ లెక్క మీదే. మన కోనసీమలో చాలామందికి ఉన్నది అర ఎకరం, ఎకరం కొబ్బరి తోట, అందులో అరటో కోకోనో. రెండు ఆవులున్న ఇంట్లో ఘనజీవామృతానికి, పిడకలకి పోనూ ఇంకా పేడ మిగులుతుంది. మరోపక్క నాటు ఆవు ఇచ్చే పాలతో దాని మేత ఖర్చే తేలదు. పేడ మీద నాలుగు రూపాయలు వస్తే ఆవు ఇంటి దగ్గర ఉంటుంది, లేదంటే సంతకి పోతుంది. అందుకే 2021 జనవరి 12న ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ ఆవు పేడతో చేసిన ‘ఖాదీ ప్రాకృతిక్ పెయింట్’ని విడుదల చేసినప్పుడు మనవాళ్ళు చాలామంది చెవులు రిక్కించి విన్నారు. జైపూర్‌లో ఉన్న కుమారప్ప జాతీయ చేతికాగితం సంస్థ దాన్ని తయారు చేసింది. డిస్టెంపర్ లీటరు 120 రూపాయలు, ఎమల్షన్ 225 రూపాయలు అని అప్పట్లో ప్రకటించారు. తర్వాత ఈ తయారీని ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం కిందకి కూడా తెచ్చారు.

కొత్తపేట వైపు ఒక మహిళా సంఘం కూడా ఈ పని మొదలుపెట్టింది. చుట్టుపక్కల ఆవులున్న ఇళ్ళ నుంచి పేడ కొంటారు, రంగు తయారు చేసి డబ్బాల్లో అమ్ముతారు. మొదటి సంక్రాంతికి డబ్బాలు బాగానే పోయాయి. రెండో సంక్రాంతికి అదే ఊళ్ళో మళ్ళీ అడిగినవాళ్ళు లేరు. కారణం ఒక్కటే మాట: “కవరింగ్ లేదండి.” పేడ ఇచ్చే ఇళ్ళు ఎదురు చూస్తున్నాయి, డబ్బాలు కదలట్లేదు. ఆ రంగు కొన్న ఇళ్ళలో మూడింటికి కెమెరా పట్టుకుని వెళ్ళాను. మూడు చోట్లా ఫిర్యాదు ఒకటే, మూడు చోట్లా కారణం మాత్రం వేరు. వీడియోలో మీరు చూసింది ఆ గోడలే.

తడి ముగ్గు, తడి పంచె

ఇళ్ళ సంగతి చెప్పేముందు కవరింగ్ అంటే ఏంటో చూద్దాం. పెయింటర్లు ఈ ఒక్క మాటని రెండు అర్థాల్లో వాడతారు. లీటరు రంగు ఎన్ని చదరపు అడుగులు పాకుతుంది అనేది ఒకటి. కింద ఉన్న పాత రంగుని ఎంత బాగా కప్పుతుంది అనేది రెండోది. ఈ రెండూ ఒకదానికొకటి పడవు. నీళ్ళు ఎక్కువ కలిపితే బాగా పాకుతుంది, కప్పదు. డబ్బా మీద రాసిన చదరపు అడుగులు నున్నటి, ఆరిన గోడకి లెక్క కట్టినవి. మన గరుకు గోడలు అంతకంటే ఎక్కువ తాగుతాయి.

కప్పడం ఎలా జరుగుతుంది? వాకిట్లో వేసే తడి ముగ్గు గుర్తు తెచ్చుకోండి. బియ్యప్పిండి నీళ్ళతో వేసినప్పుడు గీత సరిగా కనపడదు. ఆరాక తెల్లగా తేలుతుంది. తెల్ల పంచె తడిస్తే ఒంటి రంగు కనపడుతుంది, ఆరితే కనపడదు. పిండి మారలేదు, పంచె మారలేదు. రేణువుల మధ్య నీళ్ళున్నప్పుడు వెలుగు వాటి గుండా దూసుకుపోతుంది. నీళ్ళు పోయి గాలి చేరితే వెలుగు చెదిరి వెనక్కి వస్తుంది. అదే తెలుపు.

దీనికి ఒక అంకె ఉంది, వక్రీభవన గుణకం అంటారు. గాలికి 1, నీళ్ళకి 1.33, రంగుని పట్టి ఉంచే జిగురు పదార్థాలకి సుమారు 1.5, సుద్దకి, ఆరిన సున్నానికి సుమారు 1.6, టైటానియం డయాక్సైడ్‌కి 2.7 దాకా. రేణువుకీ దాని చుట్టూ ఉన్నదానికీ తేడా ఎంత ఎక్కువుంటే అంత బాగా కప్పుతుంది. కంపెనీల పెయింట్ తడిగా ఉండగానే గోడని కప్పేయడానికి కారణం ఆ టైటానియమే. సున్నం, సుద్ద తడిమీద దాదాపు కనపడవు, ఆరితేనే వాటి పని మొదలవుతుంది.

పేడ రంగు ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. పేడని నీళ్ళతో కలిపి రుబ్బి, వడగట్టి, కాస్టిక్ సోడా, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి వేసి దాని రంగు విరగ్గొడతారు. వచ్చే గుజ్జు చిక్కదనానికి, పట్టుకి పనికొస్తుంది. తెల్లదనానికి విడిగా సుద్ద, చైనా క్లే, టైటానియం డయాక్సైడ్ కలుపుతారు. పేడ ఒక్కటే తెల్లరంగు అయిపోదు కదండీ. మనలో కొంతమంది ఇందులో రసాయనమే లేదని ప్రచారం చేస్తున్నారు, అది సరికాదు. సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటి భారలోహాలు లేవన్నది ఖాదీ కమిషన్ చెప్పిన మాట. ఆ మాట చాలు, లేనిపోనివి తగిలించక్కర్లేదు.

మొదటి ఇల్లు: కింద ముదురు ఆకుపచ్చ

అంబాజీపేట వైపు శ్లాబు ఇల్లు. హాల్లో ఒక గోడకి పదేళ్ళనాటి ముదురు ఆకుపచ్చ ప్లాస్టిక్ పెయింట్. దాని మీద మీగడ రంగు వేయించారు. మేస్త్రి నాతో అన్నమాట ఇదీ: “మూడు కోటింగులేసినా కింద పచ్చ కనపడతానే ఉందండి. ఇంక నా కూలీ ఎవరిస్తారు చెప్పండి?”

డబ్బాలో ఇంకా రెండు లీటర్లు మిగిలి ఉంది. మూత తీసి కర్ర దింపితే అడుగున ముద్దలా ఉంది. కప్పే పదార్థమంతా కింద పేరుకుంది. మూడు కోటింగులూ పైన తేరిన పలుచటి రంగుతోనే వేశారు, అందులోనూ కుంచె సాఫీగా జారాలని నీళ్ళు కలిపారు. పేడ రంగులో పీచు, సుద్ద ఉంటాయి కాబట్టి నిలవ ఉంటే దిగుతుంది. పజ్జొన్న అంబలి కుండలా అనుకోండి, కలపకుండా పైది పోసుకుంటే నీళ్ళే వస్తాయి. వాడే ముందు మొత్తం డబ్బాని వెడల్పు బకెట్లోకి వంచి, అడుగు గీకి, పది నిమిషాలు తిప్పాలి. రెండు మూడు డబ్బాలుంటే అన్నీ కలిపేసి ఒకే రంగు చేసుకోవాలి. వేసేటప్పుడు కూడా పావుగంటకోసారి తిప్పాలి. నీళ్ళు డబ్బా మీద రాసినంతే. మొదటి కోటింగుకి కాస్త పలుచన చేస్తే గోడ పీల్చుకుంటుంది, పైవాటికి అక్కర్లేదు.

అయితే ఈ గోడకి అదొక్కటే సరిపోదు. ముదురు రంగు మీద లేత రంగు వేయడం కంపెనీ పెయింట్‌కే కష్టం. ముందు ఉప్పుకాగితంతో నిగనిగలాడే పై పొర మెరుపు పోయేలా రుద్ది, దుమ్ము తుడిచి, ఒక కోటింగు తెల్ల ప్రైమర్ పడాలి. డబ్బుల్లో చూడండి. రెండు కోటింగులకి 10 లీటర్ల ఎమల్షన్ పట్టే గోడ అనుకుందాం, లీటరు 225 లెక్కన 2,250 రూపాయలు. మూడోది వేస్తే 15 లీటర్లు, 3,375. నాలుగోదైతే 4,500, దానిమీద మేస్త్రి కూలీ. ప్రైమర్ ఖర్చు వృథా అనేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోండి. కంపెనీ ప్రైమర్ వేస్తే ప్రకృతి వ్యవసాయదారుల పరువు పోదా అని ఒకాయన నన్నడిగాడు. పదేళ్ళుగా ప్లాస్టిక్ పెయింట్ ఉన్న గోడకి కొత్తగా పోయే పరువేమీ లేదని నా అభిప్రాయం.

రంగు ఎంపిక మీద ఒక మాట. బాగా మెరిసే పసుపు, గులాబీ, కొన్ని ఎరుపులు ఏ కంపెనీవైనా కప్పడంలో బలహీనం. మట్టి రంగులు అలా కాదు. జేగురు, పసుపు మన్ను ఇనుము కలిసిన రంగులు, అవి పలుచగా వేసినా కప్పేస్తాయి. పెద్దవాళ్ళు అరుగులకి జేగురు వాడింది ఊరికే కాదు. ఇంట్లో పసుపు కలిపి చూద్దామనుకునే వాళ్ళకి: సున్నంలో పసుపు వేస్తే ఏమవుతుందో దిష్టి నీళ్ళు తీసిన ప్రతి ఇంటికీ తెలుసు. గోడ ఎర్రబడుతుంది, తర్వాత ఎండకి వెలిసిపోతుంది.

రెండో ఇల్లు: గోడ కిందనుంచి నీళ్ళు తాగుతోంది

ఇది రాజోలు దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో. రంగు వేసి ఎనిమిది నెలలైంది. నేలనుంచి రెండున్నర అడుగుల దాకా మచ్చలు, తెల్లటి బూడిదలా ఉప్పు, దానిమీద పొలుసులు లేచిన రంగు. పైభాగం చక్కగా ఉంది. అదే డబ్బా, అదే మేస్త్రి. పై సగం బాగుండి కింది సగం పాడైతే తప్పు రంగుదెలా అవుతుందండీ?

కోనసీమ అంటే గౌతమికి, వశిష్ఠకి నడుమ ఉన్న లంక నేల. మధ్యలో వైనతేయ. చుట్టూ కాలువలు. మూడు గజాలు తవ్వక ముందే నీళ్ళు పడే ఊళ్ళు మనవి. ఆ తడి ఇటుకల్లో సన్నటి రంధ్రాల గుండా పైకి ఎక్కుతుంది, దీపం వత్తిలో నూనె ఎక్కినట్టు. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఆ నీళ్ళలో ఉప్పు ఉంటుంది. పక్కన రొయ్యల చెరువు ఉంటే ఇంకా చెప్పక్కర్లేదు. తడి గోడ పైకొచ్చి గాలికి ఆరిపోతుంది, ఉప్పు అక్కడే ఉండిపోయి గడ్డకట్టి రంగుని బయటికి తోస్తుంది. దాన్ని ఆపుదామని పైన లప్పం, ప్లాస్టిక్ పెయింట్ దట్టిస్తే తడి బయటికి పోలేక ఇంకో అడుగు పైకెక్కి అక్కడ బయటపడుతుంది. ఈ ఇంట్లో జరిగిందీ అదే. పేడ రంగు వేసే ముందు పాత మచ్చలు కనపడకుండా లప్పం పెట్టారు.

పరీక్ష తేలిక, వీడియోలో చూపించాను. అడుగు చదరం మందపాటి ప్లాస్టిక్ కవరు గోడకి పెట్టి నాలుగువైపులా టేపు అంటించి ఒక రోజు వదిలేయండి. మర్నాడు కవరుకి గోడవైపు నీటి బొట్లు ఉంటే తడి గోడలోంచి వస్తోందని అర్థం. అలాంటి గోడ మీద పేడ రంగైనా, రెండు వేల రూపాయల రంగైనా ఒకటే గతి. తడి గోడ మీద పేడ, గంజి లాంటి ఏ పదార్థమైనా బూజుకి మేత అవుతుంది, అది కూడా గుర్తుంచుకోండి.

ఆ ఇంటి యజమానితో నేను చెప్పింది ఇదీ. కింది మూడు అడుగులకి రంగు సంగతి ఈ ఏడు మర్చిపోండి. లప్పం, ఊడుతున్న రంగు తీసేయండి. ఉప్పుని తడిపి కడగొద్దు, కడిగితే కరిగి మళ్ళీ లోపలికి పోతుంది. పొడిగా ఉన్నప్పుడు కొబ్బరి పీచుతో రాల్చి, చేటలోకి ఎత్తి బయట పారేయండి. వారానికోసారి అలా చేస్తే మూడు నాలుగు నెలల్లో పొంగు తగ్గుతుంది. ఇంటి చుట్టూ గోడకి ఆనించి పోసిన మట్టి తీసేయండి, చూరు నీళ్ళు గోడ పక్కన పడకుండా కాలువ పెట్టండి, గోడ మొదట్లో ఉన్న స్నానాల నీళ్ళ గుంటని కొబ్బరి చెట్టు పాదుకి మళ్ళించండి. ఆ తర్వాత ఆ భాగానికి సున్నం. సున్నం గోడని ఊపిరి ఆడనిస్తుంది, తడి దానిగుండా బయటికి పోతుంది. ఉప్పు వల్ల అది కూడా రాలుతుంది, కాకపోతే రాలినచోట మళ్ళీ వేసుకునే ఖర్చు తక్కువ. ఇది పూర్తి పరిష్కారం కాదండి. నేలలోంచి వచ్చే తడిని ఆపే పొర కట్టేటప్పుడే పునాదిమీద పడాలి. కట్టేశాక దాన్ని సరిచేయడం పెద్ద పని, రంగు మేస్త్రితో అయ్యేది కాదు.

మూడో ఇల్లు: మండువా లోగిలి

ఇక్కడ ఎక్కువ చెప్పేది లేదు, చూస్తేనే తెలిసిపోతుంది. పాత మండువా ఇల్లు, సున్నం గచ్చు గోడలు, ఏటేటా వెల్ల వేసి వేసి పేరుకున్న పొరలు. చేత్తో రాస్తే అరచేతికి తెల్లగా అంటుకుంటుంది. దాని మీద పేడ ఎమల్షన్ వేశారు. రంగు గోడని పట్టుకోలేదు, సున్నపు పొడిని పట్టుకుంది. ఆరిన రెండో కోటింగు మొదటిదాన్ని కూడా లాక్కుని చుట్టలు చుట్టుకుని ఊడింది. ఊడినచోట పాత నీలం కనపడుతోంది, దాన్నే వాళ్ళు కవరింగ్ లేదన్నారు.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఇది. సున్నం గోడకి సున్నమే. ప్లాస్టిక్ పెయింట్ ఉన్న గోడకి పేడ ఎమల్షన్ పడుతుంది, సున్నం పట్టదు. అటుదిటు ఇటుదటు చేస్తే రెండూ నిలవవు. కొత్త సిమెంటు గోడ పూర్తిగా ఆరాక రెండిట్లో ఏదైనా సరే.

సున్నంతో కప్పడం

మా పశువుల పాకకి నేను సున్నమే వేశాను, వీడియో రెండో సగం అదే. పాకలో ఆవులు గోడని రాసుకుంటాయి, మూత్రం చిమ్ముతుంది, ఏటా వేయాల్సిందే. తాజా సున్నం ఘాటైన క్షారం, సూక్ష్మజీవులు అందులో బతకలేవు. బీజామృతంలో 50 గ్రాముల సున్నం వేసే మనకి దాని సంగతి కొత్తేం కాదు. గాలిలో బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని ఆరాక ఆ ఘాటు పోతుంది, మామూలు సుద్దరాయిలా మిగులుతుంది.

మన దగ్గర ఒకప్పుడు నత్తగుల్లలు, ఆల్చిప్పలు కాల్చిన గుల్ల సున్నం వాడేవారు. పి.గన్నవరం దగ్గర 1850ల్లో కట్టిన పాత అక్విడెక్టు చూసినవాళ్ళకి సున్నం, ఇటుక ఎంతకాలం నిలబడతాయో ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఇప్పుడు గుల్ల సున్నం దొరికితే అదృష్టం, లేకపోతే కొట్లో రాతి సున్నం. ఏదైనా గడ్డలుగా ఉన్నది కొనండి. సంచి విప్పి చాలాకాలమైన పొడి సున్నం అప్పటికే గాలి పీల్చుకుని చచ్చిపోయి ఉంటుంది. అది గోడని పట్టదు, కప్పదు, చొక్కాకి అంటుకుంటుంది.

కేంద్ర ప్రజాపనుల శాఖ పనుల నిబంధనల్లో వెల్ల వేయడానికి ఒక కొలత ఉంది, దాన్నే నేను పాటించాను. కిలో గడ్డ సున్నానికి 5 లీటర్ల నీళ్ళు. కలిపి 24 గంటలు ఉంచాలి. గుడ్డలో వడగట్టాలి. 10 లీటర్ల సున్నపు పాలకి 40 గ్రాముల బంక వేడినీళ్ళలో కరిగించి కలపాలి. తెల్లదనానికి కిలో సున్నానికి 3 గ్రాముల దాకా నీలిమందు. బంకకి తుమ్మ బంక వాడాను. గంజి పోయడం మన ఇళ్ళలో అలవాటే, కానీ ఇక్కడి చెమ్మకి బూజు పడుతుంది, పాకలో వద్దు. ఉప్పు కలపమని కొందరు చెబుతారు. ఉప్పు చెమ్మతో ఏడ్చే కోనసీమ గోడకి ఇంకా ఉప్పు ఎందుకండీ.

జాగ్రత్త ఒకటి. గడ్డ సున్నం నీళ్ళలో పడగానే కుతకుతలాడుతూ పొగలు కక్కుతుంది. ప్లాస్టిక్ బకెట్ కరిగిపోవచ్చు, పాత ఇనప డ్రమ్ము వాడండి. సున్నం మీద నీళ్ళు పోయకండి, నీళ్ళలోకి సున్నం కొంచెం కొంచెంగా వేయండి. పిల్లల్ని దూరంగా ఉంచండి. కళ్ళద్దాలు పెట్టుకోకుండా ఆ పని చేయొద్దు, కంట్లో పడితే ధారగా నీళ్ళతో చాలాసేపు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇక వేయడం. ముందు గోడమీద నీళ్ళు చల్లాలి. పొడి గోడ సున్నంలో నీళ్ళని గుటుక్కున మింగేస్తే సున్నం గట్టిపడే లోపే పొడైపోతుంది. ఒక్కో కోటింగులో కుంచె నాలుగు వైపులా తిరగాలి. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, కుడి నుంచి ఎడమకి, ఎడమ నుంచి కుడికి. ఇదీ ఆ నిబంధనల్లో ఉన్నదే, పాత సున్నం మేస్త్రులు చెప్పేదీ ఇదే. కొత్త గోడకి మూడు కోటింగులు. చిక్కగా ఒకేసారి దట్టిస్తే బీటలు వారి పొలుసులు లేస్తుంది.

పాకలో మాకు సాయానికి వచ్చిన కుర్రాడు మొదటి కోటింగు వేసి, గోడ చూసి, “ఆయ్, ఇది నీళ్ళండి, ఇంకో రెండు డబ్బాల సున్నం పోయమంటారా?” అన్నాడు. ఇటుక ఎరుపు అలాగే కనపడుతోంది. ఆపమన్నాను. అప్పుడు ఉదయం తొమ్మిది. కెమెరాని ఒకే చోట పెట్టి గంటకోసారి తీసిన దృశ్యాలు వీడియోలో వరసగా ఉన్నాయి. మధ్యాహ్నానికి గోడ బూడిద రంగుకి వచ్చింది, సాయంత్రానికి తెల్లబడింది. ఇటుక కీళ్ళ దగ్గర మాత్రం ఇంకా తెలిసింది, మర్నాడు రెండో కోటింగుతో అదీ పోయింది. మూడోది ఆవులు రాసుకునే ఎత్తు వరకే వేశాం.

పేడ రంగుకీ ఇదే ఓపిక కావాలి. నాలుగు గంటల్లో ఆరుతుందని ఖాదీ వాళ్ళు చెబుతారు. కోనసీమ గాలిలో చెమ్మ ఎక్కువ, కాబట్టి నేను రాత్రంతా వదిలేయమంటాను. తడి మీద చూసి రెండో కోటింగు వెంటనే వేస్తే కిందిది లేచి చారలు పడతాయి.

ఆ సంఘం అక్కచెల్లెళ్ళకి రంగు సరుకు అమ్మేవాళ్ళు ఒక సలహా ఇచ్చారట, టైటానియం రెట్టింపు చేసి పేడ గుజ్జు తగ్గించండి, కవరింగ్ వస్తుందని. వస్తుంది, నిజమే. కానీ పేడ తగ్గితే కొనే పేడ కూడా తగ్గుతుంది. ఖర్చు పెరుగుతుంది, డబ్బా మీద ఆవు బొమ్మ ఒక్కటే మిగులుతుంది. వాళ్ళు ఆ దారి పట్టలేదు. ఇప్పుడు అమ్మే ముందు గోడ చూడటానికి ఒకరు వెళ్తున్నారు. కవరు పరీక్ష పెడతారు, అరచేత్తో రాసి చూస్తారు, గోడమీద బొగ్గుతో ఒక గీత గీసి దానిమీద అడుగు మేర రంగు వేసి మర్నాడు వచ్చి చూపిస్తారు. ఆరాక ఆ గీత ఎన్ని కోటింగులకి మాయమైతే ఆ గోడకి అన్ని కోటింగులని ముందే చెబుతారు. సున్నం గోడైతే మా రంగు మీకు పనికిరాదని చెప్పి వచ్చేస్తున్నారు. ఈ మాట చెప్పడానికి మొదట్లో వాళ్ళకి మనసొప్పలేదు, చేతికొచ్చిన బేరం వదులుకోవడం కదా. ఈ ఏడు పాత ఇళ్ళలో రెండు మళ్ళీ కొన్నాయి. ఇంకా ఎన్ని వస్తాయో సంక్రాంతికి తేలుతుంది.

సంక్రాంతి అంటే గుర్తొచ్చింది. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి చుట్టాలొస్తారని మనవాళ్ళందరూ డిసెంబరు చివర్లో, మంచు కురుస్తుంటే రంగులు వేయిస్తారు. వర్షాలు, వరద తర్వాత గోడలో తడి ఇంకా పూర్తిగా దిగి ఉండదు, పైన మంచు. మేస్త్రులకి గిరాకీ ఎక్కువ, కూలీ ఎక్కువ. సంక్రాంతి వెళ్ళాక ఉగాది లోపు వేయించుకోండి. గోడలు ఆరి ఉంటాయి, ఎండ కూడా మరీ ముదరదు, సున్నం నిదానంగా గట్టిపడుతుంది.

ఆవు గోడని నాకుతుంది, మరవకండి

పాత రంగు గీకేటప్పుడు జాగ్రత్త. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల్లో 90 వంతులు మించకూడదన్న నియమం మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరు 1 నుంచి. అంతకుముందు తలుపులకి, కిటికీ ఊచలకి వేసిన ఎనామిల్ రంగుల్లో సీసం చాలా ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. పశువులు పాత రంగు పెచ్చులు నాకి, నమిలి సీసం విషంతో చనిపోవడం పశువైద్యులకి తెలిసిన విషయమే. సీసం పిల్లల మెదడుకి కూడా చేటు చేస్తుంది. కాబట్టి పాత ఎనామిల్‌ని పొడిగా గీకొద్దు, తడిపి ఉప్పుకాగితంతో రుద్దండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి, పిల్లల్ని, గర్భిణుల్ని ఆ గదిలోకి రానివ్వకండి. ఆవుల్ని రెండు రోజులు వేరే చోట కట్టేయండి. కింద పట్టా పరిచి, పెచ్చులన్నీ సంచిలో మూతి కట్టేయండి. అవి పెంటపోగులోకి గాని, ఘనజీవామృతం ఆరబోసే చోటికి గాని, చేపల చెరువులోకి గాని పోకూడదు. సీసం కుళ్ళదు, మట్టిలో అలాగే ఉండిపోతుంది.

కుంచెలు కడిగిన నీళ్ళని కాలువలో కలపకండి. మిగిలిన సున్నపు పాలు మొక్కల మొదట్లో పోస్తే ఆ ఘాటుకి వానపాములు చస్తాయి. పైన నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళు ఉండేలా డ్రమ్ములో మూతపెట్టి ఉంచితే సున్నం ముద్ద నెలల తరబడి పాడవదు, నానేకొద్దీ ఇంకా మెత్తబడుతుంది. మా డ్రమ్ములో మిగిలినదాన్ని అలాగే ఉంచాం, వరద తీశాక అరుగుకి వేస్తాం.